గవ్వ పుట్టకముందటి సముద్రం

మార్కాపురం పలకలో ఇంతవరకు ఎవరికీ ఒక గవ్వ కనబడలేదు. చేప ముల్లు లేదు, నత్తగుల్ల లేదు, పురుగు పాకిన జాడ లేదు. మార్కాపురం, తర్లుపాడు చుట్టుపక్కల క్వారీల్లో తరాలుగా ఉలి దెబ్బకు రాయి రేకులు రేకులుగా విచ్చుకుంటూనే ఉంది. బడిపిల్లల పలకలకని, ఇంటి నేలకని, గోడల అలంకారానికని, పైకప్పులకని ఆ రాయి దేశాలు దాటి పోయింది. తెలుగునాట రాయిని ఇంత పలచగా, ఇంత విస్తారంగా విప్పి చూసిన చోటు మరొకటి ఉండదేమో. జర్మనీలోని హున్స్‌రూక్ కొండల్లో పైకప్పు పలకల కోసం ఇలాగే రాయిని చీల్చిన గని కార్మికులకు 40 కోట్ల ఏళ్ల నాటి నక్షత్ర చేపలు, ట్రైలోబైట్లు కాళ్లతో మీసాలతో సహా దొరికాయి. అదే దేశంలోని జోల్న్‌హోఫెన్‌లో అచ్చు పనికి వాడే సున్నపురాయి పలకల నడుమ 1861లో ఈకలున్న ఆర్కియోప్టెరిక్స్ బయటపడింది. మార్కాపురంలో చీలిన రాయి అంతకంటే తక్కువేమీ కాదు. అయినా ఒక్క జంతువు ఆనవాలు కూడా లేదు.

దీనికి కారణం రాయి వయసు. మార్కాపురం పలక బురదగా సముద్రం అడుగున పేరుకుంటున్న రోజుల్లో భూమి మీద జంతువు అన్నది ఇంకా పుట్టలేదు. గవ్వ కట్టుకునే ప్రాణి రావడానికి మరో ఎనభై కోట్లకు పైగా సంవత్సరాలు పట్టింది. ఆ సంగతి ఎలా తెలిసింది, ఎవరు తేల్చారు, జంతువులు పుట్టిన కాలం నాటి రాయి దగ్గర్లో ఎక్కడైనా ఉందా అన్న వెతుకులాటకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో సగం నల్లమలకు ఇటు జరిగింది, సగం అటు.

మార్కాపురానికీ కనిగిరికీ నడుమ ఉన్న హనుమంతునిపాడు ఈ కథకు మంచి మొదలు. ఎందుకంటే ఆ ప్రాంతం ఒక పెద్ద గట్టు అంచున ఉంది. అక్కడి నుంచి తూర్పుగా కనిగిరి, పామూరు వైపు పోతే నేల కింద గ్రానైటు, నైసు, నెల్లూరు వరుసకు చెందిన షిస్టు రాళ్లు. పడమరగా వెలిగొండలు దాటి కంభం, గిద్దలూరు వైపు పోతే పొరలు పొరలుగా పేర్చిన క్వార్ట్జైటు, పలకరాయి. భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే పురాతన సముద్రపు తొట్టెకు ఇది తూర్పు అంచు. నెలవంక ఆకారంలో, ఉత్తరాన పల్నాడు నుంచి దక్షిణాన తిరుపతి కొండల దాకా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పొడవున, దాదాపు 45,000 చదరపు కిలోమీటర్ల మేర ఈ బేసిన్ పరుచుకుని ఉంది. నెలవంక వీపు పడమటి వైపు, అనంతపురం దిక్కుగా ఉంటుంది. అక్కడ పొరలు పెద్దగా చెదరలేదు. తూర్పు అంచు సంగతి వేరు. ఇక్కడ తూర్పు దిక్కు నుంచి భూమి పెంకు పడమరకు నెట్టుకు వచ్చింది. పొరలు మడతలు పడ్డాయి, విరిగాయి, చాలాచోట్ల పాత రాళ్లు కొత్త రాళ్ల మీదికెక్కి కూర్చున్నాయి. నల్లమల, వెలిగొండ వరుసలు ఆ మడతల్లో మిగిలిన గట్టి భాగాలు.

పాత పాలనా సరిహద్దులు కూడా చాలావరకు ఈ కొండల వెంటే నడిచాయి. కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడే ఈ రెండు వైపులూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు.

ఇక్కడి జనానికి రాయి అంటే పుస్తకంలో విషయం కాదు, రోజూ తాగే నీళ్లు. గ్రానైటు నేలల్లోని బావినీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్లు గార పట్టడం, నడుములు వంగిపోవడం, మోకాళ్లు బిగుసుకుపోవడం తాగునీటి వల్లేనని వైద్యులు భారతదేశంలో మొట్టమొదట గుర్తించి రాసింది ఉమ్మడి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు ఆ వ్యాసం ప్రచురించారు. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాలను ఆ బాధ ఇంకా విడిచిపెట్టలేదు. వందకోట్ల ఏళ్లకు పైబడిన రాయి ఈనాటి మనిషి ఎముకలోకి ఎలా చేరుతుందో చూడాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఈ రాళ్లను మొదట వరుసగా చదివినవాడు విలియం కింగ్. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన ఈ ఐరిష్ అధికారి పేరు సింగరేణి కార్మికులకు బాగా తెలుసు. 1870ల మొదట్లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని చెప్పింది ఈయనే, అక్కడి బొగ్గు పొర ఒకదాన్ని ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. అదే సమయంలో, 1872లో, కడప, కర్నూలు రాతి వరుసల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం సర్వే మెమోయిర్లలో ఎనిమిదో సంపుటంగా వచ్చింది. గుర్రాల మీదా ఎడ్లబండ్ల మీదా సాగిన సర్వే అది. కింగ్ పాత రాళ్లను పాపఘ్ని, చెయ్యేరు, నల్లమలై, కృష్ణా అని నాలుగు వర్గాలుగా విడగొట్టాడు. వాటి మీద ఇంకా కొత్తవైన కర్నూలు రాళ్లను బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని మరో నాలుగుగా పంచాడు. అన్నీ మన ఏర్ల పేర్లు, కొండల పేర్లు, ఊళ్ల పేర్లు. నల్లమల వర్గంలో పైన ఉన్న పలకరాళ్లకు ఆయన కంభం పేరు పెట్టాడు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు పక్కనున్న ఊరి పేరు ఆ విధంగా ప్రపంచ భూగర్భ శాస్త్రంలో ఒక రాతి వరుస పేరైంది. మార్కాపురం పలకలు ఆ కంభం వరుసలోవే.

కింగ్ శిలాజాల కోసం వెతికాడు. ఆ రోజుల్లో రాయి వయసు చెప్పడానికి శిలాజం తప్ప మరో గడియారం లేదు. ఇంగ్లండులోనో బొహీమియాలోనో దొరికిన ట్రైలోబైటు ఇక్కడా దొరికితే రెండు రాళ్లూ ఒక కాలానివని చెప్పేవారు. కడప, కర్నూలు రాళ్లలో అలాంటిదేమీ దొరకలేదు. అడుగున గ్రానైటు ఉంది, పైన వేల అడుగుల మందంలో బురద, ఇసుక, సున్నం ఉన్నాయి, ప్రాణి మాత్రం లేదు. 20వ శతాబ్దం మొదటి దశకంలో సర్వే డైరెక్టరుగా ఉన్న థామస్ హాలండ్ ఇలాంటి శిలాజాలు లేని పొరల రాళ్లన్నిటినీ, కడప, వింధ్య వరుసలను కలిపి, "పురాణ" అని పిలిచాడు. వయసు తెలియని రాళ్లకు తాత్కాలికంగా పెట్టిన ఆ పేరు నేటికీ వాడుకలో ఉంది.

కంభం పలకరాయి వయసుకు మొదటి గట్టి ఆధారం గిద్దలూరుకు అవతల, నంద్యాల పోయే రైలు దారిలో దొరికింది. నల్లమల అడవిలో చెలమ స్టేషను పరిసరాల్లో భూమి లోతుల నుంచి ఎగదన్నుకు వచ్చి, కంభం పొరలను చీల్చుకుంటూ గడ్డకట్టిన రాతి గోడలు ఉన్నాయి. ఇవి లాంప్రొయిట్ అనే అరుదైన అగ్నిశిలలు. వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైటుకు ఇది దాయాది. చీల్చుకువచ్చిన రాయి చీలిన రాయికంటే చిన్నదై ఉండాలి, ఇందులో వాదనకు తావు లేదు. ఆ లాంప్రొయిట్‌లోని అభ్రకం పొలుసుల్లో చిక్కుకున్న ఆర్గాన్ వాయువును కొలిచి శాస్త్రవేత్తలు 1990లలో దాని వయసు దాదాపు 140 కోట్ల సంవత్సరాలని తేల్చారు. ప్రపంచంలో తెలిసిన లాంప్రొయిట్లలో అత్యంత పాతవాటిలో చెలమ రాయి ఒకటి. దాన్నిబట్టి మార్కాపురం పలక 140 కోట్ల ఏళ్లకంటే పాతది. ఇసుక పొరల్లోని జిర్కాన్ రేణువుల వయసులు కూడా కలిపి చూస్తే నల్లమల వర్గం రాళ్లు ఏర్పడింది సుమారు 165 కోట్లకూ 140 కోట్లకూ మధ్య కాలంలో.

ఆ కాలాన్ని ఊహించుకోవడం కష్టం. కొండల మీద గడ్డి లేదు, చెట్టు లేదు. వాన పడితే ఆపడానికి వేరు లేదు. నేల మీది మట్టంతా నేరుగా సముద్రంలోకి కొట్టుకుపోయేది. సముద్రంలో బాక్టీరియా ఉంది, కేంద్రకం ఉన్న ఏకకణ జీవులు అప్పటికే మొదలయ్యాయి. గాలిలో ప్రాణవాయువు ఇప్పటితో పోలిస్తే చాలా తక్కువ. లోతు నీళ్లలో అది దాదాపు లేదు. చనిపోయిన సూక్ష్మజీవుల కర్బనం కుళ్లకుండా బురదలో పూడిపోయేది. బూడిద, నలుపు రంగు పలకలకు ఆ రంగు ఇచ్చేవాటిలో ఇలాంటి కర్బనం ఒకటి.

ఆ పలకను కొంచెం శ్రద్ధగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. క్వారీలో చీల్చిన కొన్ని బిళ్లల మీద సన్నని రంగు చారలు ఏటవాలుగా పోతుంటాయి. సముద్రం అడుగున బురద పేరుకున్న అసలు పొరలు ఆ చారలే. ఉలి దెబ్బకు రాయి చీలేది మాత్రం ఆ పొరల వెంట కాదు. బేసిన్ తూర్పు అంచు నలిగినప్పుడు బురదలోని బంకమన్ను కొత్తగా స్ఫటికాలు కట్టి సన్నని అభ్రకపు పొలుసులుగా మారింది. ఆ పొలుసులన్నీ ఒత్తిడికి అడ్డంగా ఒకే దిక్కుకు తిరిగి వరుసలో నిలిచాయి. రాయి చీలేది ఆ పొలుసుల వరుస వెంట. అంటే పలక ముఖం ఒకనాటి సముద్రపు నేల కాదు, ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత వచ్చిన ఒత్తిడి గీసిన తలం. హున్స్‌రూక్‌లో ఈ రెండు తలాలూ చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టే అక్కడ శిలాజాలు అంత చక్కగా తెరుచుకున్నాయి. మార్కాపురంలో ఒకవేళ ఏదైనా ఉన్నా, పొరను అడ్డంగా కోసుకుపోయే చీలికలో అది ముక్కలుగానే కనిపిస్తుంది.

ఆ చారల్లోనే జంతువులు లేవన్న సాక్ష్యం కూడా ఉంది. ఈనాటి సముద్రం అడుగున బురద పొర పొరగా మిగలదు. పురుగులు తొలుస్తాయి, పీతలు తవ్వుతాయి, నత్తలు దున్నుతాయి, వారాల్లోనే పొరలన్నీ కలిసిపోతాయి. ప్రాణవాయువు అందని లోతుల్లో తప్ప సన్నని పొర చెదరకుండా ఉండడం అరుదు. పురాణ రాళ్లలో లోతు నీటి బురదలోనే కాక, అలలు తాకిన తీరపు ఇసుకలోనూ మట్టిలోనూ వెంట్రుకవాసి పొరలు చెక్కుచెదరలేదు. తొలిచే ప్రాణి ఏదీ లేదని అవి చెబుతున్నాయి. కింగ్ కాలంలో శూన్యంగా కనిపించినది నేటి శాస్త్రానికి చదవదగిన రాత అయింది. మార్కాపురం పలక గొప్పతనం ఇక్కడే ఉంది. ఇంత సామాన్యంగా, ఇంత మంది చేతుల్లోకి చేరిన నిర్జంతు సముద్రపు రాయి దేశంలో అరుదు.

అలాగని ఆ సముద్రాల్లో ప్రాణమే లేదనుకోకూడదు. కంభం పలకకంటే పాత రాళ్లు బేసిన్ పడమటి అంచున ఉన్నాయి. వేంపల్లె, పులివెందుల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు కనిపించే వేంపల్లె డోలమైటు వాటిలో ముఖ్యమైనది. దాని పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిల వయసు 188 కోట్ల సంవత్సరాలు. కాబట్టి వేంపల్లె సున్నపు సముద్రం అంతకు ముందటిది. ఆ డోలమైటు కొండల్లో, అడ్డంగా కోసిన ఉల్లిపాయలా గుండ్రటి పొరలు మీద పొరలుగా ఉన్న దిబ్బలు కనిపిస్తాయి. ఇవే స్ట్రోమాటొలైట్లు. లోతు తక్కువ నీళ్లలో సయనోబాక్టీరియా జిగురు తెట్టులా పరుచుకుంటుంది. దాని మీద సున్నపు రేణువులు పడతాయి. వెలుగు కోసం అది ఆ రేణువుల పైకి పాకి మళ్లీ తెట్టు కడుతుంది. ఒక పొర, దాని మీద మరో పొర. మన పొలాల్లో వాన తర్వాత నేల మీద కట్టే నాచు తెట్టుకు ఇవి బంధువులే.

1940లలోనే ఎం.ఆర్. శ్రీనివాసరావు కడప సున్నపురాళ్లలో ఈ నాచు కట్టడాలను గుర్తించి కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. 1960ల మొదట్లో ఆర్. వైద్యనాథన్ వాటిని మళ్లీ వివరించారు. అప్పటికీ ఒక అనుమానం మిగిలింది. ఇవి నిజంగా జీవులు కట్టినవా, నీటిలోని సున్నం దానంతట అది అలా గడ్డకట్టిందా? 1978లో అమెరికా శాస్త్రవేత్త విలియం షాఫ్, భారతీయ శాస్త్రవేత్త కె.ఎన్. ప్రసాద్ కలిసి వేంపల్లె స్ట్రోమాటొలైట్ల లోపలే సూక్ష్మజీవుల శిలాజాలు ఉన్నాయని ప్రచురించారు. తెలుగు నేల మీద ప్రాణం చరిత్ర కింగ్ ఊహించినదానికంటే ఎంతో వెనక్కి పోయింది. డైనోసార్ల గురించి మనకు బాగానే తెలుసు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు తలెత్తి చూస్తారు. దానికంటే పదిరెట్లు పాతదైన వేంపల్లె నాచు దిబ్బకు మాత్రం అంత గుర్తింపు దక్కలేదు.

ఆ దిబ్బలు అంత విరివిగా పెరగడానికి కారణం కూడా జంతువులు లేకపోవడమే. నాచు తెట్టును గీకి తినే నత్త వచ్చాక స్ట్రోమాటొలైట్లు వెనకబడ్డాయి. పడమటి ఆస్ట్రేలియాలో షార్క్ బే లాంటి, నత్తలు బతకలేనంత ఉప్పు ఉన్న చోట్లే అవి నేడు బాగా కనిపిస్తాయి.

ఇక్కడ పలకకూ బలపానికీ ఉన్న సంబంధం ఒకటి చెప్పుకోవాలి. వేంపల్లె డోలమైటులోకి వేడి అగ్నిశిల చొచ్చుకొచ్చిన చోట్ల, ఆ వేడికి డోలమైటు మారి మెత్తటి బలపపురాయి, నార లాంటి రాతినార ఏర్పడ్డాయి. బేతంచెర్ల దగ్గర బలపపురాయి గనులున్నాయి, పులివెందుల దగ్గర రాతినార తీశారు. ఈ పురాతన సముద్రాల్లో ఒకదాని బురద పలక అయింది, మరోదాని సున్నం బలపపురాయి అయింది. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో ఓంకారం దిద్దించాక పిల్లవాడి చేతికి ఇచ్చే మొదటి సామగ్రి రెండూ ఈ ఒక్క బేసిన్‌లోనే పుట్టాయి. గుంటగలగరాకు, బొగ్గు నూరి పలకకు పూసి నల్లగా మెరిపించిన తరం ఇంకా మన మధ్యే ఉంది.

జంతువులు పుట్టిన కాలపు రాయి కోసం నల్లమల దాటి కుందూ లోయలోకి దిగాలి.

ప్రపంచంలో తొలి జంతువుల కథ ఇలా ఉంది. 1909లో చార్లెస్ వాల్కాట్ కెనడా రాకీ పర్వతాల్లో బర్జెస్ షేల్ అనే పలకరాతిలో 50 కోట్ల ఏళ్ల నాటి మెత్తటి శరీరాల జీవులను కనుగొన్నాడు. 1946లో రెగ్ స్ప్రిగ్ ఆస్ట్రేలియాలోని ఎడియకారా కొండల్లో అంతకంటే పాత, ఆకుల్లా బిళ్లల్లా ఉన్న వింత అచ్చులను చూశాడు. 1984లో చైనాలోని చెంగ్జియాంగ్‌లో హౌ షియాన్‌గ్వాంగ్‌కు మరో ఖజానా దొరికింది. ఎడియకారన్ యుగం 63.5 కోట్ల ఏళ్ల కింద మొదలై సుమారు 53.9 కోట్ల ఏళ్ల కింద ముగిసింది. ఆ తర్వాత కేంబ్రియన్. కంటికి కనిపించే జంతువుల ఆనవాళ్లు ఈ రెండు యుగాల్లోనే మొదలవుతాయి. ఒక దేశంలో ఆ కాలపు రాయి ఉందా అన్నది కాబట్టి చిన్న ప్రశ్న కాదు.

కర్నూలు రాతి వరుస ఆ కాలానిదే కావచ్చునన్నది చాలామంది ఆశ. ఈ వరుసలో అడుగున వజ్రాలు దొరికే బనగానపల్లె కంకర, క్వార్ట్జైటు. దాని మీద నార్జి సున్నపురాయి, అంటే ఇంటింటా పరిచే కడప బండ. బెలుం గుహలు ఆ సున్నపురాతిలో నీళ్లు తొలిచినవే. దాని పైన పలచగా ఔకు షేల్. ఆ పైన పాణ్యం క్వార్ట్జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. ఇక్కడి పొరలు మార్కాపురం పొరల్లా నలిగిపోలేదు. చాలాచోట్ల దాదాపు పడుకోబెట్టినట్టే ఉన్నాయి. రాయి పొర వెంటే చీలుతుంది. శిలాజం వెతకడానికి ఇంతకంటే అనువైన చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఔకు షేల్‌లో 2012లో ఒక ముఖ్యమైన జాడ బయటపడింది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన ముకుంద్ శర్మ, యోగమాయ శుక్లా అందులో ఒబ్రుచెవెల్లా అనే సూక్ష్మశిలాజాన్ని గుర్తించారు. ఇది స్ప్రింగులా మెలితిరిగిన సన్నని గొట్టం. ఇప్పుడు మాత్రల రూపంలో అమ్మే స్పిరులినాకు పోలికలున్న సయనోబాక్టీరియా అని చాలామంది భావిస్తారు. అంటే ఇది జంతువు కాదు. అయితే ప్రపంచంలో చాలాచోట్ల ఒబ్రుచెవెల్లా ఎడియకారన్, కేంబ్రియన్ రాళ్లలో విరివిగా కనిపిస్తుంది. ఈ ఆధారంతో వాళ్లు ఔకు షేల్‌ను ఎడియకారన్ కాలానికి చెందినదిగా ప్రతిపాదించారు. అది నిజమైతే, తొలి జంతువులు ఇతర సముద్రాల్లో కదలడం మొదలెట్టిన రోజుల్లో ఔకు దగ్గర కూడా ఒక సముద్రం ఉండేదన్నమాట.

అందరూ ఒప్పుకోలేదు. ఒబ్రుచెవెల్లా లాంటి సరళమైన ఆకారం ఎన్నో కోట్ల ఏళ్లు మారకుండా బతికింది, దానిమీద ఒక్కదాని మీదే వయసు కట్టకూడదని కొందరి వాదన. ఛత్తీస్‌గఢ్ లాంటి ఇతర పురాణ బేసిన్లలో పై పొరలు కూడా వంద కోట్ల ఏళ్ల నాటివని అగ్నిపర్వత బూడిద పరీక్షలు చెప్పాయి. కర్నూలు ఒక్కటే ఎందుకు అంత చిన్నదవుతుందని వారి ప్రశ్న. బనగానపల్లె ఇసుకలో దొరికిన జిర్కాన్ రేణువుల్లో కొన్నిటి వయసు 90 కోట్ల ఏళ్లకు దగ్గరగా వచ్చింది. అంటే కర్నూలు వరుస 90 కోట్ల ఏళ్లకంటే కొత్తది. ఎంత కొత్తదో ఆ పరీక్ష చెప్పదు. ఔకు షేల్‌లో గానీ, పైనున్న నంద్యాల షేల్‌లో గానీ వయసు తేల్చగల అగ్నిపర్వత బూడిద పొర ఒక్కటి దొరికినా ఈ వాదం ముగుస్తుంది.

ఇలాంటి విషయాల్లో తొందర ఎంత ప్రమాదమో వింధ్య రాళ్లు నేర్పాయి. 1998లో మధ్యప్రదేశ్‌లోని చోర్హట్ ఇసుకరాతిలో పురుగుల బొరియలు ఉన్నాయని జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ జైలాకర్ బృందం సైన్స్ పత్రికలో రాసింది. అదే ఏడు భారతీయ శాస్త్రవేత్త రఫత్ అజ్మీ వింధ్య రాళ్లలోనే కేంబ్రియన్ గుల్లలు దొరికాయని ప్రకటించాడు. నాలుగేళ్లలో ఆ రాళ్ల వయసు 160 కోట్ల ఏళ్లని తేలింది. అజ్మీ మీద చాలా అభియోగాలు వచ్చాయి. 2009లో స్వీడన్ శాస్త్రవేత్త స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం మళ్లీ పరీక్షించి, ఆ శిలాజాలు నిజమైనవేనని, కాకపోతే అవి జంతువులవి కావని, నాచు జాతివని తేల్చింది. అజ్మీ చూసినది నిజం, కాలం మాత్రం తప్పు. తర్వాత 2021లో భీంబెట్కా గుహ పైకప్పులో డికిన్సోనియా అనే ఎడియకారన్ జంతువు అచ్చు దొరికిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. 2023లో జోసెఫ్ మీర్ట్ బృందం వెళ్లి చూస్తే ఆ అచ్చు రాతినుంచి ఊడివస్తోంది. అది పాడైన తేనెపట్టు. మొదట రాసినవారు కూడా పొరపాటు ఒప్పుకున్నారు. ఔకు గురించి చెప్పేవారు ఆచితూచి మాట్లాడటం వెనుక ఈ చరిత్రంతా ఉంది.

మళ్లీ తూర్పుకు. నల్లమల రాతిని ఇటీవలి కాలంలో అడ్డంగా కోసుకుపోయింది వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం దగ్గరి కొల్లంవాగు నుంచి దోర్నాల వైపుకు కొండల కింద 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. ఫ్లోరైడు నీళ్లు తాగే మెట్ట పల్లెలకు కృష్ణ నీళ్లు తేవడం దాని లక్ష్యం. యంత్రం రాతిని కొరుక్కుంటూ పోయింది, వెంటనే కాంక్రీటు దిమ్మెలు దాన్ని కప్పేశాయి. నల్లమలను కడుపులోంచి చూసే అవకాశం ఇంజినీర్ల నివేదికల్లో మిగిలిందే మిగిలింది.

పలకల పరిశ్రమ కూడా మారిపోయింది. నోటు పుస్తకాలు చవకయ్యాయి, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. చెక్క ఫ్రేము బిగించే పని తగ్గి, రంగురంగుల డిజైను పలకలు, నేల బిళ్లలు, గోడ బిళ్లలు ఎగుమతికి పోతున్నాయి. తవ్విన రాతిలో పనికొచ్చేది కొంతే, మిగతాదంతా క్వారీ గట్ల మీద కొండలుగా పేరుకుంది. రాయి కోసే చోట లేచే ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ బలపాల కార్మికుల్లో సిలికోసిస్ ఎంత ప్రాణనష్టం చేసిందో దేశానికి తెలుసు. ఇక్కడి కార్మికులకు తడి కోతలు, ముక్కుకు సరైన రక్షణ తప్పనిసరి చేయడం ఏ శిలాజం కంటే ముందు పని.

రెండో పని ఈ రాళ్లను కాపాడుకోవడం, అది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. భూగర్భ సర్వే ప్రకటించిన జాతీయ భూవారసత్వ స్థలాల్లో తిరుమల శిలాతోరణం, తిరుమల ఘాటు రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్జైటు కూర్చున్న చోటు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, కడప వైపు మంగంపేట ముగ్గురాయి ఉన్నాయి. రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రా, భోజుందాల్లో స్ట్రోమాటొలైట్లకే పార్కులు కట్టారు. మంగంపేట ముగ్గురాయి ఉన్న పుల్లంపేట వరుస, కంభం వరుస ఒకే కాలపు రాళ్లని శాస్త్రవేత్తలు చెబుతారు. మొదటిది జాబితాలో ఉంది, మార్కాపురం లేదు, వేంపల్లె స్ట్రోమాటొలైట్లూ లేవు. ఆపేసిన క్వారీ ఒకదానిలో పొరల చారా, చీలిక తలమూ ఒకే గోడ మీద స్పష్టంగా కనిపించే చోటును ఎంచుకుని, నీళ్లు నిండకముందే, తుక్కు కప్పేయకముందే కొలతలు తీసి, ఫొటోలు తీసి, కంచె వేస్తే చాలు. చెలమ లాంప్రొయిట్ ముక్క ఒకటి, వేంపల్లె నాచు దిబ్బ ముక్క ఒకటి, ఔకు షేల్ ముక్క ఒకటి తెచ్చి పక్కన పెట్టవచ్చు. కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ గుర్తింపు వచ్చింది. మార్కాపురం నుంచి కంభం పోయే దారి అదే రాతి మీదుగా పోతుంది.